హారతి లేని గీత

గుర్రుమంది; ఆగింది; నిట్టూర్చింది; మళ్లీ గుర్రుమంది. మూసిన వ్యాను చీకటిలో ఆ మోత తప్ప మరేమీ లేదు. దీపం వెలిగాక కనిపించింది, బీరువా అంత సిమ్యులేషన్ ఛాంబర్. తిరుపతి నుంచి చిత్తూరు దాకా ట్రక్కులోని సరుకు ఎక్కడ ఎంత వేడెక్కుతుందో, ఎక్కడ ఎంత చల్లబడుతుందో ముందే లెక్కగట్టి గీసి చూపే యంత్రం.

దాని ముందు నర్సు వేషంలో ఏజెంట్ పదకొండు. చెవిలో చీఫ్ చక్రధర్ గొంతు.

"విదేశీ ముఠా 'కొలిమి' ఈ ఉదయమే దెబ్బ తీస్తుంది. కంఠసర్పితో, అదే డిఫ్తీరియాతో, ఇప్పటికే ఇద్దరు పిల్లలు పోయారు. వేడెక్కిన టీకా నీళ్లతో సమానం. 'మామిడి మాగింది' అను, చాలు, తిరుపతిలోని రెండో లోడు కదులుతుంది. కానీ ఆధారం కావాలి. అనుమానంతో నాలుగు వేల డోసులు పారబోయలేం."

"టైమ్?"

"పదకొండు గంటలకు మొదటి సూది."

పది నలభై. వ్యాను బయట చిత్తూరు ఆసుపత్రి ఆవరణ నిండా తల్లులు, వాళ్ల చంకల్లో పిల్లలు. ట్రక్కు వచ్చి ఆగింది. కంపెనీ ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన కారులోంచి హేమశ్రీ దిగింది. నల్లకళ్లద్దాలు, జరీ అంచు చీర, మల్లెలను మించిన సెంటు. రవాణా కంపెనీలో ఉద్యోగం, చక్రధర్ ఏజెన్సీకి గూఢచర్యం. ఆమె ట్యాబ్ చాపింది.

"దారి పొడవునా ఐదు డిగ్రీలు, అర అటూ ఇటూ. ఎక్కడా హద్దు దాటలేదు సిస్టర్."

పదకొండు ఆ గీతను ఛాంబర్ గీతపై పరిచింది. రెండూ ఒకటైపోయాయి. మళ్లీ చూసింది, మళ్లీ మళ్లీ చూసింది. తప్పు లేదు. తప్పు లేకపోవడమే ఆమెను భయపెట్టింది; నిజం దారి లెక్కతో ఇంత సరిగ్గా ఎప్పుడూ కలవదు. పది యాభై రెండు. ఆమె ట్రక్కు వెనుక తలుపు దగ్గరికి పరిగెత్తింది.

అట్టపెట్టెల మీద తడి ఆరని కుంకుమ బొట్లు.

"ఇవి ఎక్కడివి?"

డ్రైవర్ చెంగయ్య నెత్తి గోక్కున్నాడు. "కంపెనీకి చెప్పొద్దు పాపా. కాణిపాకంలో ఆపినా. ఎనక తలుపులు బార్లా తీసి హారతి సూపించినా. సామి సూడకుండా నా లోడు యాడికీ పోదు."

"ఎంతసేపు?"

"పావుగంట."

పావుగంట ఎండ సోకితే గీత నాలుగు డిగ్రీలైనా ఎగరాలి. ట్యాబ్‌లోని గీతలో ఆ పెరుగుదలే లేదు. పదకొండు ఒక పెట్టె చీల్చి తన థర్మామీటర్ గుచ్చింది. ముప్పై నాలుగు. ఒక్క హారతికి అంత వేడెక్కదు; దారంతా ఎవరో చల్లదనం ఆపేశారు.

"మామిడి మాగింది!"

లోపల మొదటి పాప జబ్బ మీద స్పిరిట్ దూది ఆడుతోంది. గోడ గడియారంలో పదకొండు గంటలకు ఇంకా ఇరవై సెకన్లు. సూది చర్మాన్ని తాకబోతుండగా పదకొండు ఆ చేతిని ఒడిసిపట్టింది. పాప కెవ్వుమంది, కానీ సూది దిగలేదు.

బయటికొచ్చేసరికి హేమశ్రీ చేయి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. లిప్‌స్టిక్ పిస్టల్ బయటపడేలోపు చెంగయ్య ఆమె మణికట్టు మెలిపెట్టాడు.

"ఉండమ్మా, యాడికి తొందర?"

"మీ దొంగ గీతలో ఎండ ఉంది, గుంతలున్నాయి," అంది పదకొండు. "వినాయకుడొక్కడే లేడు."

జీపు 'కొలిమి' మనిషి హేమశ్రీని తీసుకెళ్లింది. చెంగయ్య ట్రక్కు తలుపు వేశాడు.

"రెండో లోడుకు నేనే పోతాండా. నీ పేరున గూడా అర్చన చేయిస్తా. పేరు బిళ్ల మీద ప్రసన్నకుమారి అనుండాది, అదే గదా?"

పదకొండుకు ఆరు పేర్లున్నాయి, ఆరూ అబద్ధాలే. సత్యప్రమాణాల కాణిపాకంలో అబద్ధం చెల్లదు.

ఆమె బిళ్ల ఊడదీసింది.

"మహిత."