సాకియా దగ్గర అడిగిన పేరు

మా ఊరి చెరకు తోటల చివర పాత సాకియా ఉంది. గేదె తిప్పితే నీళ్ళు తోడే చెక్క చక్రం. పంపులు వచ్చాక దాన్ని ఎవరూ తిప్పలేదు. అయినా తిరుగుతుందంటారు. పొద్దుగూకాక అటు వెళ్ళిన గేదె పాలివ్వదంటారు. మగవాళ్ళు కూడా బిస్మిల్లా అనుకుంటూ, తల తిప్పకుండా దాటిపోతారు.

దర్దీర్ చనిపోయాక దాని పేరు మరీ చెడింది.

దర్దీర్ ఆ చెరకు తోటల కాపలాదారు. శవం కాలవలో తేలింది. సాకియాకి చాలా దిగువన, వంతెన కింద. తల వెనక దెబ్బ. ఎవరు కొట్టారో, ఎక్కడ కొట్టారో తెలియలేదు. నీళ్ళ వంతు దగ్గర మా అబ్బాయి రిఫాయీ అతనితో పోట్లాడాడని ఎవరో చెప్పారు. పోలీసులు వాణ్ణి పట్టుకుపోయారు.

రొట్టెలు మూటగట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను. వాకిట్లో పోలీసు మూట విప్పి చూశాడు.

"ఎండలో పిండి పొంగించి కాల్చిన రొట్టెలే! తినడానికైనా నోరు తెరుస్తాడేమో చూద్దాం పెద్దమ్మా, నీ కొడుకు."

లోపల ఆఫీసరు బల్ల మీద ఖురాన్ ఉంది, పచ్చ గుడ్డలో.

"ఊళ్ళో మగాళ్ళందరినీ పిలిచాను, ఉమ్ రిఫాయీ," అన్నాడు. కొడుకు పేరుతోనే తల్లిని పిలుస్తారు మాలో. "'దర్దీర్‌ని ఎవరు చంపారో నాకు తెలియదు.' దీని మీద చెయ్యి వేసి ఈ ఒక్క మాట చెప్పమన్నాను. అందరూ చెప్పారు. నీ మొగుడైతే కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు. నీ కొడుక్కే చెయ్యి బరువైందా?"

రిఫాయీ గోడకి ఆనుకుని ఉన్నాడు. పెదవి చిట్లింది. నావైపు చూడలేదు.

"కొట్టండి పాషా దొరా," అన్నాడు. "దాని మీద మాత్రం చెయ్యి వేయించకండి."

"విన్నావా? దొంగ ప్రమాణానికి జడుస్తున్నాడు. అంటే చంపింది వీడే. రేపు ప్రాసిక్యూటర్ దగ్గరికి పంపిస్తున్నా. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు."

ఇంటికొచ్చేసరికి పక్కింటి సబ్హా గడపలో కూర్చుని ఉంది.

"అక్కా..." గొంతు తగ్గించింది. "నిన్న రాత్రి సాకియా దగ్గర దర్దీర్ లేచాడు. తెల్లగా... వంగి... టక్ టక్‌మని చప్పుడట. మా ఆయన కెవ్వుమని అరిచి, చెప్పులు వదిలేసి వచ్చాడు. నాకు నొప్పులొచ్చినప్పుడు మంత్రసాని కోసం కూడా అంత పరుగు పెట్టలేదు!"

నాకు నవ్వు రాలేదు. ఒక్కటే తోచింది. చంపినవాడి పేరు చచ్చినవాడికి తెలుసు.

రాత్రి నమాజు అయిపోయింది. మా ఆయన ఇంకా మసీదు నుంచి రాలేదు. మొదటి వరసలో నిలబడే మనిషి, ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు. ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను.

గాలి లేదు. అయినా చెరకు ఆకులు రాసుకుంటున్నాయి. దెయ్యాల్ని దూరం పెట్టే ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ నడిచాను. సగంలో మరిచిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను... మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

టక్.

కాళ్ళు నిలిచిపోయాయి.

టక్... టక్...

చక్రం నీడలో — తెల్లగా. నేల మీదికి వంగి ఉంది. ముఖం కనపడలేదు.

పారిపోదామనుకున్నాను. రిఫాయీ పెదవి గుర్తొచ్చింది.

"దర్దీర్..." నా గొంతు నాకే వినపడలేదు. "నాయనా... నేను రిఫాయీ తల్లిని. రేపు వాణ్ణి తీసుకుపోతారు. నిన్ను చంపిందెవరు? పేరు చెప్పు... ఒక్క పేరు..."

చప్పుడు ఆగిపోయింది.

ఆ తెల్లనిది మెల్లగా లేచింది. నావైపు తిరిగింది.

"నబవియ్యా," అంది.

పేరు అడిగితే నా పేరు చెప్పింది. ఆ పేరుతో నన్ను పిలవడానికి బతికున్నవాళ్ళలో ఒక్కడే మిగిలాడు.

మా ఆయన. మసీదుకి వేసుకెళ్ళిన, పాదాల దాకా దిగే తెల్ల గలాబియా. చేతిలో సుత్తి.

"నిన్న ఎవడో అరిచాడు. సగంలో వదిలేయాల్సి వచ్చింది," అన్నాడు. "ఇప్పుడు మేకు పూర్తిగా దిగింది. ఇక లేవడు. ఇంటికి పద."

మాలో చిన్నపిల్లలకీ తెలిసిన సంగతే. చంపబడినవాడి నెత్తురు పడిన చోట, ఎక్కడా వాడని కొత్త మేకు దిగ్గొడితే దెయ్యం లేవదు. నేలలోనే కట్టుబడిపోతుంది. కానీ నెత్తురు పడిన చోటు తెలియాలి.

శవం దొరికింది వంతెన కింద. నెత్తురు ఇక్కడ పడిందని ఎవరికి తెలుసు?

"నా చెంప మీద కొట్టాడు నబవియ్యా..." అన్నాడు. "నా చేతిలో పార ఉంది."

"రిఫాయీ?"

"చూశాడు. నోరు విప్పడు. మంచి బిడ్డ."

"రేపు తీసుకుపోతారు వాణ్ణి."

"రుజువేముంది? వదిలేస్తారు. అల్లాహ్ ఉన్నాడుగా."

మోకాళ్ళ మీద కూర్చుని నేల తడిమాను. మేకు తల చల్లగా తగిలింది. చుట్టూ మట్టిని గోళ్ళతో గీకాను.

"ఏం చేస్తున్నావే?" గుసగుసలాడాడు. సుత్తి చేతిలోంచి జారింది. "వద్దు... వాడు లేస్తాడు..."

"లేవాలి," అన్నాను.

గట్టి నేల. జానెడు మేకు. మగవాడు రెండు రాత్రులు సుత్తితో కొట్టి దించిన మేకు. రెండు వేళ్ళతో పట్టుకున్నాను.

నేను లాగకముందే పైకి వచ్చింది — కింది నుంచి ఎవరో తోసినట్టు.