పంపు మీది సీసపు బిళ్ళ

ఆ ఇంట్లో తెల్లవారితే పొయ్యి ముట్టించడం కంటే ముందు వ్యాన్ నూకాలి. చలికాలం మొదలైనప్పటి నుంచి ఇదే పని. ఆ రోజు కూడా రాధాబాయి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని వెనక తలుపుకు భుజం ఆనించింది. ఒక పక్క మొగుడు ఆశన్న, ఇంకో పక్క తోడికోడలు ఈరవ్వ. లోపల స్టీరింగు పట్టుకొని మరిది తుకారాం కూర్చున్నాడు.

“నూకుండ్రి! ఇంకింత! ఆపకుండ్రి!” అని తుకారాం కేక.

“లోపట కూసున్నోనికేం, ఎంతన్న ఒర్రుతడు,” అన్నది అతని పెళ్ళాం ఈరవ్వ రొప్పుకుంటూ. “నేను నిన్ను చేసుకున్ననా, గీ బండిని చేసుకున్ననా?”

బిందె నెత్తిన పెట్టుకొని పోతున్న పక్కింటి పెంటవ్వ ఆగి చూసింది. “మా ఎడ్లను తోలుకపోరాదు రాధా! ఇంత గడ్డేస్తే చాలు, డీజిల్ అడుగయి.”

ఇంకో రోజైతే రాధాబాయి మాటకు మాట అప్పజెప్పేదే. ఇవాళ నవ్వడానికి కూడా ఓపిక లేదు. నడుములో నొప్పి ఈ నూకుడు మొదలైననాటి నుంచి ఆమెతోనే ఉంటున్నది.

వ్యాన్ దగ్గింది. నల్లటి పొగ కక్కింది. మూల మలుపు దాకా పోయి మళ్ళీ ఆగింది. ఎంత నూకినా ఇక ఉలుకూ పలుకూ లేదు. తుకారాం దిగి, లోపలి ఇంజను మూత ఎత్తి చాలాసేపు చూశాడు.

“పంపు పోయిందన్నా. డీజిల్ ఇంజనుకు ఎక్కుతలేదు.”

సడక్ మీద బోధన్ పోవాల్సిన మంది నిలబడి ఉన్నారు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలం అది. రుద్రూర్ చుట్టుపక్కల పల్లెల్లో కిరాయి బండికి గిరాకీ ఉండేది ఆ నెలల్లోనే. వాళ్ళు కాసేపు చూసి, అదే దారిలో కిరాయికి తిరిగే బాపురావు జీపు రాగానే ఎక్కి వెళ్ళిపోయారు. వాకిట్లో మంచం మీద కూర్చున్న అత్త ముత్తవ్వ, జీపు వెనక లేచిన దుమ్మును చూసి మెటికలు విరిచింది. “వాని కండ్లల్ల దుమ్ము వడ! మన బండి ఆగితేనే వాని ఇంట్ల దీపం వెలుగుతది.”

ఉగాది ముందు నిజామాబాద్‌లో పసుపు అమ్మి కొన్న వ్యాన్ అది. అన్న పొలం చూసుకోవాలి, తమ్ముడు బండి నడపాలి, ఇద్దరి సంపాదనా ఒక్క పొయ్యి మీద ఉడకాలి అనుకున్నారు. కంపెనీ వాళ్ళు బండికి దండ వేసి, ఆశన్న చేతిలో మిఠాయి పొట్లం పెట్టి, “ఏడాది దాకా మీకే రందీ లేదు, గ్యారంటీ ఉంది,” అని సాగనంపారు. ఏడాది ఇంకా నిండలేదు గాని రంది మాత్రం రోజూ ఉన్నది. బ్యాటరీ చచ్చిపోతే “అది వేరే కంపెనీది, వాళ్ళనడగండి” అన్నారు. బండి బరువు మోసే కమాను పట్టా విరిగితే “మీ సడక్ బాగాలేదు” అన్నారు. ప్రతిసారీ తుకారాం బోధన్‌లో ఏ మిస్త్రీనో బతిమాలి బండిని నడిపించుకొని వచ్చేవాడు.

“మరి గ్యారంటీ దేనికి తుకారాం?” అని ఒకసారి రాధాబాయి అడిగింది.

“హారన్‌కు ఉన్నట్టున్నది వదినె. అదొక్కటే ఇంతదాక కరాబు కాలే,” అని అతను నవ్వించాడు.

“గీసారి కాదనలేరు,” అన్నాడు ఆశన్న తలకు రుమాలు చుట్టుకుంటూ. “పంపు ఇంజనుదే, ఇంజను వాళ్ళదే. పా తమ్మీ, తీసుకపోదాం.”

నిజామాబాద్ పోయే ఖాళీ లారీ ఒకటి దొరికింది. వ్యాన్‌ను మోకుతో దాని వెనక కట్టుకొని అన్నదమ్ములిద్దరూ పోయారు. రాధాబాయి ఇల్లూడ్చింది, పశువుల పేడ తీసింది, జొన్నరొట్టెలు చేసి గంపలో మూత పెట్టింది. పంపు మారితే చాలు, రేపు పొద్దున ఇంకో గడియ ఎక్కువ పండుకోవచ్చు అనుకున్నది. ఆమె కోరిక అంతే.

పొద్దు వాలకముందే ఇద్దరూ బస్సు దిగి వచ్చారు. ఆశన్న చెప్పులు విడవకుండానే వాకిట్లోకి నడిచాడు.

“బండేదిరా?” అన్నది ముత్తవ్వ.

“ఆడనే కంపెనీ బయట పడేసి వచ్చినం. గ్యారంటీ రాదట.”

“ఎందుకు రాదు?”

“నీ చిన్న కొడుకునడుగు.”

తుకారాం గోడకు ఆనుకొని నిలబడ్డాడు. “పంపుకు సీలు లేదన్నరవ్వా. సీలు లేదంటే మనం పంపు ఇప్పినట్టేనట. నేను ఇప్పలే.”

“నువ్వు ఇప్పలే, నేను ఇప్పలే. మరి బండే ఇప్పుకున్నదా?” ఆశన్న గొంతు లేచింది. “గా మేనేజర్ మంది ముంగట నన్నేమన్నడో ఇన్నవు గదా! ‘మీ డ్రైవరే కొత్త పంపు అమ్ముకొని పాతది పెట్టించి ఉంటడు, ముందుగాల ఇంట్ల సూసుకోండ్రి’ అన్నడు. నా నోట్ల నుంచి మాట రాలే.”

“అదే అడుగుతున్న అన్నా. ‘నా తమ్ముడు అసొంటోడు కాదు’ అని ఒక్క మాటన్న అన్నవా?”

“ఎట్లంట? బోధన్ల మిస్త్రీల కాడ కూసునేదెవరు? ఏది ఇప్పిచ్చినవో, ఏది అమ్ముకున్నవో నీకే తెల్వాలె. ఇంట్లనే దొంగను పెట్టుకొని కంపెనోనితోని నేనేం కొట్లాడాలె?”

గోడ అవతల పెంటవ్వ చీపురు చప్పుడు ఆగిపోయింది. ఈరవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఎన్నడూ బావ ఎదుట నిలబడి మాట్లాడని పిల్ల.

“బావా, గా మాట వాపస్ తీసుకో.”

ఆశన్న తీసుకోలేదు. ఎవరి మొహమూ చూడకుండా దొడ్డి దారిన చెరుకు మడి వైపు పోయాడు.

రాధాబాయి మెల్లగా అడిగింది. “తుకారాం, సీలంటే ఏంది? ఎట్లుంటది?”

“ఏముంటది వదినె. ఒక సన్న తీగె, దానికి సీసపు బిళ్ళ. ఇంజను మూత ఎత్తితే పంపుకు ఏలాడుతుంటది. మీద కంపెనోల్ల అచ్చరాలు గుద్ది ఉంటయి.”

రాధాబాయి తిరిగి అత్త మొహంలోకి చూసింది.

దసరాకు ఆ ఇంట్లో ఇనుప సామానంతా కడిగి పసుపు కుంకుమ పెడతారు. నాగలి, కొడవళ్ళు, గొడ్డలి అయ్యాక వ్యాన్ వంతు వచ్చింది. మూల మూలా కడగాలని ఆమె సీట్ల మధ్య ఉన్న ఇంజను మూత ఎత్తింది. అక్కడ తీగకు వేలాడుతూ నల్లటి బిళ్ళ కనిపించింది. దాని మీద ఏవో గుర్తులు. అప్పటికే బండి ఊరికూరికే ఆగుతున్నది. ఆమె అత్తను పిలిచి చూపించింది. ముత్తవ్వ చూసి వెనక్కి తగ్గింది. “బాణామతి బిడ్డా! సీసం మీద రాసి కట్టిండ్రు. గా బాపురావు పనే. ఇగ బండి ఎట్ల నడుస్తది?” అత్త దీపం పట్టుకుంటే కోడలు పటకారుతో తీగ తెంపింది. బిళ్ళను నిమ్మకాయతో కలిపి గుడ్డలో కట్టి కాలువ నీళ్ళలో వదిలి, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చారు. తీసిన సంగతి మగవాళ్ళకు చెబితే అది మళ్ళీ వచ్చి కూర్చుంటుందని ముత్తవ్వ ఒట్టు పెట్టించుకున్నది. ఆ తర్వాత కొన్నాళ్ళు బండి బాగానే నడిచింది. ఇద్దరికీ నమ్మకం గట్టిపడింది.

ఇప్పుడు ముత్తవ్వ కోడలి మణికట్టు పట్టుకున్నది. “ఊకో బిడ్డా,” అని గొణిగింది. “ఆని కోపం నీకు తెల్సు. నిన్ను ఇంట్ల ఉండనియ్యడు.”

రాధాబాయి ఊకున్నది. లోపలి అర్రలో పెట్టె మూత తీసిన చప్పుడు వినబడింది. ఈరవ్వ ఏడుస్తూనే బట్టలు సర్దుతున్నది. రాధాబాయి ఈ ఇంటికి కోడలై వచ్చిననాడు తుకారాంకు ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయి. పొలం పనికి పోయే అత్తకు తీరిక లేక, ఈమే వానికి తలంటి, అన్నం కలిపి పెట్టింది. ఆ పిల్లవాడు ఇవాళ దొంగ అయ్యాడు. తాను పొయ్యి ముందు కూర్చొని రొట్టెలు లెక్క పెట్టుకుంటున్నది.

తుకారాం పెట్టె భుజాన ఎత్తుకొని బయటికి వచ్చాడు. “నవీపేట్ పోతున్నమవ్వా. ఈరవ్వోల్ల అన్న ఇసుక లారీకి డ్రైవర్ కావాలన్నడు. ఆడ నడుపుకుంట.”

రాధాబాయి లేచి గడపకు అడ్డంగా నిలబడింది.

“సీలు నేను తెంపిన.”

“ఏందీ వదినె?”

“దసరాకు. బాణామతి అనుకున్న. నిమ్మకాయతోని కట్టి కాలువల ఏసిన.”

“దాన్నేమనకు,” అన్నది ముత్తవ్వ లేచి. “తెంపుమన్నది నేను. అది సిన్నపిల్ల, దానికేం తెల్సు!”

నలభై దాటిన ఆ చిన్నపిల్ల తల వంచుకొని నిలబడింది. తుకారాం పెట్టె దించి దాని మీదే కూర్చున్నాడు. “కంపెనీ సీలుకు నిమ్మకాయ కట్టిండ్రా?” అన్నాడు. నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ మోచేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు.

“నిన్నేమంట వదినె! తెల్వక చేసినవు. కని ఇది సీలు ముచ్చట కాదు. నిజమేందో ఎవలకు తెల్వకముందే నేను దొంగనైన. అన్నకు ఒక్క నిమిషం పట్టలే. అది బండి, రేపు ఇంకోటి కరాబైతది. అప్పుడు మల్ల నేనే గదా?”

రాధాబాయి గడప మీది నుంచి పక్కకు జరిగింది. అతను పెట్టె ఎత్తుకొని పోతుంటే ఈరవ్వ ఆమె పాదాలంటి, కళ్ళు తుడుచుకుంటూ వెంట నడిచింది. ముత్తవ్వ కర్ర పట్టుకొని వాళ్ళ వెనక పడింది.

రాధాబాయి చెరుకు మడికి ఉరికింది. ఆశన్న ఒడ్డు మీద కూర్చొని ఉన్నాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది. కొడితే కొట్టనీ అనుకున్నది. అతను కొట్టలేదు.

“నువ్వా?” అన్నాడు.

“నేనే.”

“గా మేనేజర్ ముంగట నా నోరు పెగల్లే రాధా. మెడల టై పట్టీ, చేతుల పెన్నూ. ఆయన ఇంగ్లీషుల ఏదో అని నవ్విండు. చుట్టూ మంది నవ్విండ్రు. నేను మొద్దోని లెక్క నిలబడ్డ.”

“ఆడ పెగలని నోరు ఇంట్ల ఎట్ల పెగిలింది?”

పెళ్ళయిననాటి నుంచి ఆమె అతన్ని అట్లా అడగలేదు. అతను తలెత్తి చూశాడు.

“నేను తెంపింది సీసం ముక్క,” అన్నది రాధాబాయి. “చెరుకు ఫ్యాక్టరీకి తోలినంక పంపు కొనుక్కుంటం, లేకుంటే బండిని తుక్కుకు ఏస్తం. నాకు కష్టమేం కొత్త కాదు. కని ఆ పిలగాడు పోతే నేను ఇగ ఎవలకోసం నూకాలె చెప్పు?”

“పెద్దోన్ని. ఆని కాడికి పోయి ఏమనాలె?”

“ఏమనకు. ముందుగాల లే. బస్సు వచ్చే యాళ్ళైంది.”

సడక్ దగ్గర నలుగురైదుగురు బస్సు కోసం నిలబడి ఉన్నారు. బాపురావు జీపు ఆపి తుకారాంను పిలుస్తున్నాడు. “ఎక్కు తమ్మీ, బోధన్ల దింపుత. నీ కాడ పైసలు తీసుకుంటనా?” తుకారాం వద్దని తల ఊపాడు. బాపురావు ముత్తవ్వ వైపు తిరిగాడు. “ఏం పెద్దవ్వా, దసరా నుంచి నాతోని మాట్లాడుతలేవు. నేనేం జేసిన?”

ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. “గొంతు బాగలేదు బిడ్డా,” అన్నది.

బస్సు వచ్చి ఆగింది. అప్పుడే ఆశన్న చేరుకున్నాడు. కాళ్ళకు బురద, ఎగపోస్తున్న ఊపిరి. వెనకాల కొంచెం దూరంలో రాధాబాయి. అతను తమ్ముడి ముందు నిలబడ్డాడు. బస్సులోని మంది కిటికీల్లోంచి చూస్తున్నారు.

“నిన్ను దొంగ అంటిని,” అన్నాడు. “గోడ అవతలోల్లు కూడ ఇన్నరు. గందుకే గీల్లందరి ముంగట చెప్తున్న. నాది తప్పు తుకారాం.”

ఆశన్న వంగి పెట్టెను రెండు చేతులా లేపి తన నెత్తిన పెట్టుకున్నాడు. ఊళ్ళో పెద్దమనిషి అని నలుగురూ లేచి నిలబడే మనిషి, తమ్ముడి పెట్టె మోసుకుంటూ ఇంటి దారి పట్టాడు.

“ఎక్కుతున్నరా, లేదా?” అని కండక్టర్ అరిచాడు.

తుకారాం బస్సును చూశాడు, అన్న వీపును చూశాడు.

“ఏం సూస్తున్నవు?” అన్నది ఈరవ్వ ముక్కు చీదుకుంటూ. “నా చీరలన్నీ అండ్లనే పాయె. ఉత్త చేతులతోని నేను మా అన్న ఇంటికి పోతననుకుంటున్నవా?”

బస్సు వెళ్ళిపోయింది. తుకారాం నాలుగు అంగల్లో అన్నను కలుసుకున్నాడు. “ఇయ్యన్నా, నేను మోస్త.”

“ఊకో.”

ఆశన్న కళ్ళ నుంచి నీళ్ళు కారి మీసాల్లోకి దిగుతున్నాయి. రెండు చేతులూ పెట్టెను పట్టుకొని ఉన్నాయి, తుడుచుకునే వీలు లేదు. తుకారాం భుజం మీది తువ్వాల తీసి, నడుస్తూనే అన్న మొహం తుడిచాడు. వెనక వస్తున్న రాధాబాయి అది చూసి కొంగులో మొహం దాచుకున్నది. ఇంతసేపూ బిగబట్టిన ఏడుపంతా అప్పుడు వచ్చింది.

వీధి మలుపు తిరిగాక ఆశన్న ఆయాసపడుతూ అడిగాడు. “గిండ్ల ఏం పెట్టినవే ఈరవ్వా? మెడ ఇరుగుతున్నది.”

“నాయి చీరలే బావా. మిగిలిందంత మీ తమ్మునిదే. జాకీ, రెంచీలు, గా పాడు బండి సామానంత ఏసిండు.”

ఆశన్న నెత్తి మీది పెట్టెను సర్దుకున్నాడు.

“ఇసుక లారీకి మన బండి రెంచీలు పనికొస్తయారా?”

“రావు,” అన్నాడు తుకారాం.