వకుళగారి జెర్రిపోతు

అరుణకొండలో పొద్దున్నే ఎదురుపడ్డ మనుషులు "కాఫీ అయిందా?" అని అడగరు. "మీ పాము తిందా?" అని అడుగుతారు. అంగారకుడి మీద, నూట యాభై మీటర్ల రాతి కింద కట్టుకున్న ఊరు అది. భూమి నుంచి వచ్చిన ధాన్యపు ఓడల్లో మనుషులతోపాటు ఎలుకలూ దిగాయి. నిజం చెప్పాలంటే మనుషులకంటే వాటికే అక్కడి నీళ్లు బాగా పడ్డాయి. మూసిన గాలిలో మందు పెట్టడానికి లేదు, బోనుల సంగతి అవి రెండు తరాల్లోనే నేర్చేసుకున్నాయి. చివరికి 2104లో జెర్రిపోతు గుడ్లు తెప్పించి పొదిగించారు. విషం లేని పాము, ఎలుకంటే ప్రాణం. విత్తనాల గదికి ఒకటి చొప్పున పంచారు.

పంచడం ఎంతసేపు! జెర్రిపోతు మహా పిరికిది, బెదిరితే చటుక్కున కరుస్తుంది. గది కడిగినా, గాలి తలుపులు మూసినా దాన్ని చేతుల్లోకి తీసుకోక తప్పదు. రెప్ప లేదు, చెవి లేదు, మొహంలో ఉలుకూ పలుకూ లేదు. అది మనిషిని నమ్మిందో లేదో తెలిసేదెలా? ఆ ప్రశ్న దగ్గర అందరూ చేతులెత్తేస్తే డాక్టర్ సుధేష్ణ ఒక్కతే కూర్చుని ఆలోచించింది. ఆమె చేసిన పరికరమే విశ్వాసమాపకం. ఊళ్లోవాళ్లు ముద్దుగా నమ్మకప్పెట్టె అంటారు.

పాము మెడ కింద వేలిగోరంత బిళ్ల అంటిస్తారు. గుండె వేగం, కండరాల బిగువు, నాలుక ఆడించే జోరు అది పసిగడుతుంది. పట్టుకునే మనిషి మణికట్టుకు మరో పట్టీ. చేతి వణుకు, వేడి, నాడి దాని వంతు. రెండూ కలిపి గోడకున్న పెట్టె నూటికి ఒక అంకె చెబుతుంది. ఒక మూగజీవి మనసును అంకెలోకి దింపడం ఆషామాషీ వ్యవహారమా? భూమి మీద వెయ్యేళ్లు పాములకు మొక్కినవాళ్లకు కూడా రాని ఆలోచన అది!

నియమం మాత్రం కఠినం. ఇరవై ఒక్క రోజుల్లో అంకె డెబ్బై దాటాలి. దాటకపోతే పాము మీద "నమ్మదగనిది" అని ముద్ర వేసి శీతనిద్రకు పంపుతారు. కాపలా లేని గది విత్తనాలు ఊరుమ్మడి మంచుగిడ్డంగికి పోతాయి.

వకుళ భయమంతా ఆ మంచుగిడ్డంగి గురించే. యాభై నాలుగేళ్ల మనిషి, పదకొండేళ్లుగా ఒకే పని మీద కూర్చుంది. దీపాల వెలుగులో, ఎర్రమట్టిలో కాసే కందిని సాధించింది. ఎలుకలు తినగా అరబస్తా మిగిలింది. మంచులో పెడితే ఆ కందికి మొలక చచ్చిపోతుంది. ఆ అరబస్తా పోతే మళ్లీ మొదలుపెట్టడానికి ఒక్క గింజ కూడా లేదు.

పాముకు తాతారావు అని పేరు పెట్టింది. మొదటి రోజే తాతారావు ఆమె బొటనవేలు కొరికాడు.

"నమ్మకం పదకొండు. దయచేసి చేయి వెనక్కి తీసుకోండి" అంది పెట్టె.

"తీసుకోక నీకిస్తానా!" అంది వకుళ, వేలు నోట్లో పెట్టుకుని.

సుధేష్ణ చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. కట్టి విడిచిన పాతచీర ముక్క పాము ఉండే తొట్టిలో పరిచింది, వాసన అలవాటు కావడానికి. తిన్నాక రెండు రోజులు ముట్టుకోలేదు. పూటకు పది నిమిషాలు మించి పట్టుకోలేదు. అయినా అంకె ఇరవై దగ్గరే చతికిలబడింది. ఐదో రోజు సుధేష్ణ స్వయంగా వచ్చి రికార్డు చూసింది.

"వకుళగారూ, మీరు ముట్టుకోకముందే అంకె పడిపోతోంది. రోజూ సరిగ్గా అప్పుడే. ఏం చేస్తున్నారండీ?"

"ఏం చేస్తానమ్మా? చేతులకు ఇంత పసుపు రాసుకుని, దణ్ణం పెట్టుకుని..."

"దణ్ణమా? ఎక్కడ?"

"దాని తలమీదే! దణ్ణం పెట్టకుండా పామును ముట్టుకుంటామా?"

సుధేష్ణ నవ్వు ఆపుకోలేకపోయింది. "రెండు చేతులు పైనుంచి దిగితే దానికి గద్ద వాలినట్టండీ! ఆ పసుపొకటి. పాము మనిషిని నాలుకతో గుర్తుపడుతుంది. చీర ముక్కలో ఒకావిడ, తెల్లారేసరికి పసుపు రాసుకుని ఇంకొకావిడ!"

"అయ్యో రామ! ఇన్నాళ్లూ వాణ్ణి హడలగొట్టానా?" అంది వకుళ. ఆమెకు నిజంగానే కళ్లు చెమ్మగిల్లాయి.

మరునాటి నుంచి దణ్ణం గుమ్మం బయటే కానిచ్చింది. మామూలు నీళ్లతో చేతులు కడుక్కుని, పక్కనుంచి చేయి చాచి, నడుము కిందా తోక కిందా ఆనించి లేపింది. తాతారావు కరవలేదు. ముప్ఫై అయింది, యాభై అయింది. పన్నెండో రోజుకు అరవై నాలుగు. ఇక అక్కడినుంచి అంగుళం కదలలేదు. పామేమో ముంజేతికి చుట్టుకుని హాయిగా ఉండేది. వకుళ చూపంతా గోడమీది అంకె మీదే.

పదిహేనో రోజున తాతారావు కళ్లు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. కుబుసం విడిచే ముందు అంతే, చూపు ఆనదు. ఆ సమయంలో ముట్టుకోకూడదు.

"గడువు నాలుగు రోజులైనా పొడిగించరాదా తల్లీ?"

"ఒకరికి పొడిగిస్తే అందరికీ పొడిగించాలండీ" అంది సుధేష్ణ. ఆమెకూ బాధగానే ఉంది.

వకుళ ఆశ వదిలేసుకుంది. అలాగని పామును ఒంటరిగా వదల్లేదు. నీళ్లు చిలకరించి గుడ్డ తడిపేది, పక్కన కూర్చుని కందుల్లో రాళ్లు ఏరుతూ కబుర్లు చెప్పేది. "నువ్వేం చేస్తావులేరా నాయనా, నీ ఒళ్లు నీ స్వాధీనంలో లేదాయె" అనేది.

ఇరవై ఒకటో రోజు పొద్దున కుబుసం ఊడింది. తాతారావు కొత్త చర్మంతో నిగనిగలాడుతున్నాడు. సుధేష్ణ వచ్చేసరికి వకుళ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూడకుండా కూర్చుని ఉంది.

"నమ్మకం ఎనభై ఒకటి" అంది పెట్టె.

"గెలిచారండీ!" అంటూ సుధేష్ణ ముందుకొచ్చి ఆగిపోయింది. కుబుసానికి అంటుకుని నేలమీద బిళ్ల పడి ఉంది. "బిళ్ల ఇక్కడుంటే ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది? విశ్వాసమాపకం, ఏ ఆధారంతో చెప్పావు?"

"మణికట్టు పట్టీ ఆధారంతో. మొదటి వారంలో మనిషి చేయి వణికినప్పుడల్లా పాము బెదిరింది. రెండు సంకేతాలూ ఒకేలా ఉన్నందున ఒకటి చాలని నేర్చుకున్నాను. ఎనిమిదో రోజు నుంచి బిళ్లను చదవడం లేదు."

"ఈ ఒక్క గదిలోనేనా?"

"అన్ని గదుల్లోనూ, మొదటి పాము నుంచీ అంతే."

సుధేష్ణ మొహం పాలిపోయింది. "అయితే ఈ ఎనభై ఒకటి పాముది కాదండీ, మీది. పాముకు నమ్మకం ఉందని నేను సంతకం ఎలా పెట్టను?"

వకుళ పామును ఒళ్లోంచి తీసి ఆమె వైపు చాచింది. "పెట్టె మాట వదిలెయ్యమ్మా. నువ్వే పట్టుకుని చూడు."

సుధేష్ణ వెనక్కి తగ్గింది. పాముల మనసు కొలిచే యంత్రం చేసిన మనిషి, పాముల్ని గాజుగోడ అవతలనుంచి తప్ప ఎరగదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు సిగ్గేసింది. పట్టీ కట్టుకుని, పళ్లు బిగించి, చేతులు చాచింది. వకుళ పామును మెల్లగా ఆమె చేతుల మీదికి జరిపింది.

"నమ్మకం నాలుగు. పాము తీవ్రంగా భయపడుతోంది. వెంటనే దించండి" అంది పెట్టె.

తాతారావు నాలుక రెండుసార్లు నింపాదిగా ఆడించాడు. వణుకుతున్న ఆ ముంజేతిమీద పాకి, మోచేతి మడతలో తల పెట్టుకుని కదలకుండా పడుకున్నాడు.

సుధేష్ణ ఒక్క చేత్తోనే వకుళ పత్రం మీద సంతకం పెట్టింది. అంకె రాయాల్సిన చోట ఏమీ రాయలేదు.

"ఇంకేమమ్మా, ఏడుస్తున్నావెందుకు? నా కంది బతికింది కదా!" అంది వకుళ.

"ఇప్పటిదాకా నూటనాలుగు పాముల మీద నమ్మదగనివని ముద్ర వేసి మంచులో పెట్టానండీ" అంది సుధేష్ణ. "వాటిని లేపాలి. మనుషుల్ని చూస్తే అవి ఇక భయపడినా తప్పు లేదు."