ఎర్రదారం కట్టిన క్యాసెట్

ఆగస్టులో ఒంటిగంట కొట్టిందంటే దుబాయ్ పక్క ఉమ్ అల్ క్వైన్ ఊరికి ఊరే షట్టర్లు దించేసుకుంటుంది. నాలుగున్నర దాకా బజారులో పిల్లి కూడా కనపడదు. ఎనభై రెండో సంవత్సరంలో అక్కడ ఒక జపాను కంపెనీ ఉప్పునీళ్ళని మంచినీళ్ళుగా మార్చే ఫ్యాక్టరీ కడుతుండేది. సైటు పక్కన రేకుల షెడ్డులో కంపెనీ ఆసుపత్రి. దాని వెనక గదిలో ఇద్దరు నర్సులు ఉండేవారు. ఒకరు రాజోలు వైపు నుంచి వచ్చిన పరిమళ, రెండోవారు నరసాపురం మరియకుమారి. రెండు మంచాలు, ఒక ఏసీ, ఇద్దరికీ చెరో టేపురికార్డరు. ఏసీ మోతకి పక్క మంచం మీద మాట్లాడినా అరిచినట్టే మాట్లాడాలి.

పరిమళకి ఇరవై నాలుగేళ్ళు. కుదురు తక్కువ, అనుమానం ఎక్కువ. పడుకునేటప్పుడు ట్రంకుపెట్టె తాళంచెవి జడలో దోపుకుని పడుకునేది. మందుల పెట్టెల మీది జపాను రాతలు చూసి, ఇదేమిటి, అదేమిటి అని డాక్టరు నిషికావా ప్రాణం తోడేసి, రెండేళ్ళలో ఆ భాష సొంతంగా పట్టేసింది. ఆ పట్టుదల చూసే కాబోలు, నిషికావా తను చదువుకున్న యూనివర్సిటీకి రాశాడు. వాళ్ళు సరేనన్నారు. అక్కడి నర్సింగు విద్యార్థిని ఒకతె ఎండదెబ్బ రోగుల వైద్యం చూడ్డానికి ఇక్కడికి రావాలి, ఇక్కడి నుంచి ఒకతె ఏడాది చదువుకి అక్కడికి వెళ్ళాలి. ఒక్కటే సీటు. రాతపరీక్ష ఇద్దరు నర్సులూ రాశారు. పరిమళ నెగ్గింది, మరియకుమారి తప్పింది.

"ఏమే జపానుదానా, రేపట్నుంచీ అన్నం పుల్లలతో తింటావా?" అని మరియకుమారి నవ్వేది.

ఆ నవ్వు కూడా పరిమళకి అనుమానంగానే ఉండేది.

ఇక మిగిలింది నోటి పరీక్ష. యూనివర్సిటీ వాళ్ళు ఒక క్యాసెట్ పంపారు. అందులో పంతులమ్మ పన్నెండు ప్రశ్నలు అడుగుతుంది. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య నిశ్శబ్దం. అది ఒక టేపురికార్డరులో మోగుతుంటే ఆ నిశ్శబ్దంలో జవాబు చెప్పాలి. ప్రశ్నా జవాబూ రెండూ ఇంకో టేపురికార్డరులో, ఇంకో క్యాసెట్ మీద ఎక్కాలి. ఆ క్యాసెట్ గురువారం నాలుగింటికి కంపెనీ వ్యానులో దుబాయ్ విమానాశ్రయానికి వెళ్ళే సంచిలో పడాలి. శుక్రవారం సెలవు, శనివారంతో గడువు ఖలాస్.

ఆ గురువారం పరిమళ మెస్సులో భోంచేసి గదికొచ్చేసరికి, కొన్న ఒక్క ఖాళీ క్యాసెట్టూ టేపురికార్డరు నోట్లో నలిగి, నల్లటి పేగుల్లా రీలు బయటికి వేలాడుతోంది.

"ఎవరక్కా ఇది ముట్టుకుంది?"

మరియకుమారి నిద్రకళ్ళతో లేచింది. "నేను కునుకు తీస్తున్నానే. నాకేం తెలుసు?"

"గదిలో నువ్వు తప్ప ఇంకెవరున్నారు?"

"ఓసి పిచ్చిదానా! నీ సీటు నాకెందుకే? నేను నరసాపురం వెళ్ళిపోవాలని ఏడుస్తుంటే, ఇంకా దూరం పోయి ఏం చేస్తాను?" మరియకుమారి టోపీ పెట్టుకుని రెండింటి డ్యూటీకి వెళ్ళిపోయింది. గుమ్మంలో ఆగి, "నా ప్రార్థన క్యాసెట్లు ఉంటే ఇద్దును, అజ్మాన్ చర్చోళ్ళు పట్టుకుపోయారు" అంది.

అన్నీ కూడబలుక్కున్నట్టే ఉన్నాయి అనుకుంది పరిమళ.

కొట్లు తెరవరు. టైము రెండూ పది. గదిలో ఇంకొక్క క్యాసెట్ ఉంది. సబ్బుపెట్టెలో, ఎర్రదారం కట్టి. అది భోజన్నది.

క్యాంపులో చదువు రానివాళ్ళకి క్యాసెట్టే ఉత్తరం. శుక్రవారం పూట నర్సుల గదికొచ్చి, చెప్పుకోవలసింది చెప్పుకుని, ఊరికెళ్ళే వాళ్ళ చేతికిచ్చి పంపేవారు. భోజన్నది జగిత్యాల వైపు పల్లె. తాపీపని. ఆయన ఇక్కడికొచ్చాక ఊళ్ళో కూతురు పుట్టింది. పేరు నువ్వే పెట్టాలి, నీ నోటితో నువ్వే చెప్పాలి, అప్పటిదాకా తొట్టెల పండగ చెయ్యను అని భార్య లక్ష్మవ్వ కబురు పెట్టింది. భోజన్న ఆ పేరు క్యాంపులో ఎవరికీ చెప్పలేదు. "ముందుగాల నా బిడ్డ ఇనాలె సిస్టరమ్మా, తర్వాతనే లోకం" అని నవ్వాడు. సిగ్గుపడుతున్నాడని పరిమళ బటన్ నొక్కి, ఎర్రబత్తి వెలిగాక బయటికెళ్ళి నిలబడింది. తలుపు వెనక అరగంట గొణుగుడు. వచ్చేటప్పుడు క్యాసెట్‌కి మొలతాడు దారం ముక్క కట్టి ఇచ్చాడు. అటువైపు వెళ్ళేవాళ్ళు ఎవరూ తగలక, అది సబ్బుపెట్టెలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులకి ఎండదెబ్బతో ఆయన్ని మోసుకొచ్చారు. ఒంటి నిండా ఐసుగడ్డలు పేర్చింది పరిమళే. కళ్ళు తేలేస్తూ, "క్యాసెట్... అంపినవా?" అన్నాడు. "పంపుతాను భోజన్నా, ఒట్టు" అంది. అంతే. పన్నెండు రోజులుగా శవం పెద్దాసుపత్రిలో ఉంది, కాగితాలు తెమలక.

పరిమళ దారం విప్పింది. ఇందులో ఉన్నది నాలుగు మంచీచెడ్డా మాటలు, అవి నేనే ఉత్తరంలో రాసి పంపిస్తాను అని తనకి తనే చెప్పుకుంది. ఏం రాస్తుంది? ఆ మాటలేమిటో ఆమెకి తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆమెకి తెలుసు.

నొక్కింది.

మోత ఎక్కకుండా ఏసీ ఆపేసింది. కిటికీ బిగించింది. రెండు నిమిషాల్లో గది ఆవం అయిపోయింది. బయట గాలి లేచింది. ఇసుక రేకుల మీద గుప్పిళ్ళతో చల్లినట్టు పడుతోంది. పంతులమ్మ అడిగింది, పరిమళ చెప్పింది. పేరు, ఊరు, చదువు. మా దేశం ఎందుకు రావాలనుకుంటున్నారు? దానికీ చెప్పింది. పన్నెండూ అయిపోయేసరికి మూడు కావస్తోంది. బయట వెలుగు పసుపు తిరిగి, ఎరుపు తిరిగి, మసిబారుతోంది. ఇసుక తుఫాను.

సరిగ్గా ఎక్కిందో లేదో చూద్దామని వెనక్కి తిప్పి వింది.

మొదటి మూడు జవాబులూ బాగున్నాయి. నాలుగో జవాబు తర్వాత నిశ్శబ్దంలో... దగ్గు. మగ దగ్గు.

మరియకుమారి ఎవరినో తెచ్చి గోడ అవతల నిలబెట్టింది అనుకుంది. విసురుగా తలుపు తీసింది. వరండా ఖాళీ. ఇసుక మీద అడుగులు లేవు. తలుపు వేసి గొళ్ళెం పెట్టింది.

ఏడో జవాబు తర్వాత ఊపిరి. మైకుకి నోరు ఆనించి కూర్చున్నవాడి ఊపిరి.

పాతది సరిగ్గా చెరగలేదు, అంతే. టేపుల్లో అలా ఉంటుంది. అంతే. అలా అనుకుంటుండగానే వాసన వచ్చింది. తడి సిమెంటు వాసన. దాని వెనక, తలనొప్పికి భోజన్న ఎప్పుడూ రాసుకునే బాము వాసన.

పన్నెండో జవాబు అయిపోయింది. ఖాళీ టేపు తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

గది చీకటి. పట్టపగలు మూడున్నరకి, చెయ్యి కనపడని చీకటి.

కానీ టేపు ఆగలేదు.

బ్యాటరీలు లేవు. ఆ అర ఎప్పుడూ ఖాళీయే. చక్రాలు తిరుగుతున్న చప్పుడు... కిర్... కిర్... చీకట్లో ఎర్రచుక్క ఒకటి వెలిగింది. రికార్డు బత్తి. ఆమె ఆ బటన్ నొక్కలేదు.

"షురువైందా సిస్టరమ్మా?"

మెల్లగా. మర్యాదగా. ఎదుటి మంచం మీద నుంచి.

పరిమళ చెయ్యి చాపి బటన్ల మీద గుద్దింది. ఆగలేదు. గొంతు సాగుతూనే ఉంది... లక్ష్మవ్వా... నేను... మంచిగున్నరా... ఆమె రెండు చెవులూ మూసుకుంది. గోడకి అతుక్కుంది. "ఆపు... ఆపు భోజన్నా... ఖలాస్! ఖలాస్!" అని గొంతు చించుకుని అరిచింది. ఎంతసేపు అరిచిందో తెలియదు.

దబదబా తలుపు మీద దెబ్బలు. "పరిమళా! చచ్చావా ఏంటే? తలుపు తియ్యి!"

గొళ్ళెం తీసేసరికి మరియకుమారి, చేతిలో టార్చి, ముఖానికి తడిగుడ్డ. "వ్యాను బయల్దేరుతోంది. తుఫాను ముదరకముందే పోతాడట. ఏదీ నీ క్యాసెట్? యల్లా, యల్లా, తొందరగా!"

టార్చి వెలుగులో టేపురికార్డరు ఆగి ఉంది. బత్తి లేదు. మంచం మీద దుప్పటి, ఎవరో కూర్చుని లేచినట్టు, అంచున కుంగి ఉంది.

"నా మంచం మీద ఎవరే కూర్చుంది?" అంది మరియకుమారి.

పరిమళ టేపురికార్డరు మూత తెరిచింది. క్యాసెట్ బయటికి తీసింది. ఎండలో పెట్టిన ఇనుములా ఉండాల్సింది, చల్లగా ఉంది. ఇవ్వకపోతే సీటు పోతుంది. ఇస్తే... ఇస్తే ఏమవుతుందో ఆలోచించడానికి వ్యాను హారను టైము ఇవ్వలేదు. ఇచ్చేసింది.

మర్నాడు భీమయ్య వచ్చాడు. భోజన్న ఊరివాడే, ఒకే గదిలో ఉండేవాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ముదీర్ సారు సంతకం అయింది సిస్టరమ్మా. పదమూడు దినాలసంది ఐసుపెట్టెల పెట్టిన్రు మావోన్ని. రేపు పెట్టె ఎంబడి నేనే పోతున్న. క్యాసెట్ నీ తాననే ఉన్నదంట గద?"

పరిమళ బల్ల మీదున్న నలిగిన ఖాళీ క్యాసెట్ తీసి చూపించింది. "మిషను... మింగేసింది భీమయ్యా."

మరియకుమారి మంచం మీద నుంచి తలెత్తి చూసింది. అది ఎవరి క్యాసెట్టో ఆమెకి తెలుసు. ఆ సాయంత్రమే మంచం మందుల గదిలోకి మార్చుకుంది.

భీమయ్య ఆ రీలుని వేలితో మెల్లగా తడిమాడు. "అట్లనా... తొట్టెల ఆపుకోని కూసున్నది లక్ష్మవ్వ. మూన్నెల్లాయె, బిడ్డకు పేరు లేదు. గా పేరేందో నీకన్న చెప్పిండా?"

తల అడ్డంగా ఊపింది.

"సరే తియ్యి. గిదే ఇయ్యి." ఆయన రీలుని తెగకుండా, నూలు చుట్టినట్టు అరచేతికి చుట్టుకున్నాడు. "ముక్కలైతేంది. ఆయన గొంతు ఇందులనే ఉంటది గద. తొట్టెలకు కడ్తది."

ఏమీ లేని ఆ రీలు జేబులో పెట్టుకుని, ఆమెకి దండం పెట్టి వెళ్ళాడు.

సెప్టెంబరు గడిచింది. అక్టోబరులో నిషికావా నవ్వుకుంటూ కవరు తెచ్చి చేతిలో పెట్టాడు. సీటు వచ్చింది. ఏప్రిల్లో తరగతులు మొదలు. హాస్టల్లో గది కూడా కేటాయించారు. పరిమళ గదిలోకి వచ్చి, తలుపు వేసుకుని, ఆ ఉత్తరం మూడుసార్లు చదివింది. మూడోసారి గాని కింది పేరా కంటికి ఆనలేదు.

"పన్నెండో జవాబు తర్వాత మీ గదిలోని ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడారు. ఆ భాష మాకు తెలియదు. పరీక్ష క్యాసెట్‌లో ఉన్న ప్రతి మాటా కాగితం మీద పెట్టడం మా నియమం. అందుకని విన్నది విన్నట్టు మా అక్షరాల్లో రాసి జత చేశాం. వచ్చాక అర్థం చెప్పగలరు."

వెనక ఇంకో కాగితం ఉంది. పరాయి భాషల మాటలు రాసుకోవడానికి జపాను వాళ్ళకి వేరే అక్షరాలున్నాయి, గీతలు గీతలుగా, పదునుగా. అవి రెండేళ్ళు కూర్చుని దిద్దింది పరిమళ. వేలు పెట్టి కూడబలుక్కుంది. వాళ్ళకి లకారం లేదు. రా... కు... షు... మవ్వా.

లక్ష్మవ్వా.

వేలు జరిగినకొద్దీ గీతల్లోంచి గొంతు లేచింది. లక్ష్మవ్వా, నేను భోజన్నను మాట్లాడుతున్న. అందరు మంచిగున్నరా. నేను మంచిగనే ఉన్న. ఇగ మన బిడ్డ పేరు చెప్తున్న, మంచిగ ఇను. బిడ్డ పేరు...

అక్కడ అక్షరాలు లేవు. ఖాళీ గడులు. పక్కన చిన్న గమనిక: "ఇక్కడ మీరు గట్టిగా అరిచారు. ఆయన మాట వినపడలేదు."

పరిమళ ఆ ఖాళీ గడుల మీద వేలు అలాగే ఉంచింది. ఏసీ మోగుతోంది. పక్క మంచం లేదు. అది ఉండిన చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. ఆ గుర్తుల మధ్య నుంచి, సన్నగా, బాము వాసన.

కాగితం అడుగున ఇంకొక్క వాక్యం ఉంది. దాని ముందు ఎర్రసిరాతో, వేరే చేతిరాతలో రాశారు: "ఇది క్యాసెట్ అయిపోయి, మిషను ఆపేశాక విన్నాం."

ఆమె కూడబలుక్కోనక్కర్లేకపోయింది. ఒక్క చూపులోనే అర్థమైంది.

ఈడ మస్తు సలి ఉన్నది సిస్టరమ్మా. నువ్వెప్పుడొస్తవ్?