మైకులో చెప్పిన సాక్ష్యం

సోమవారం పొద్దున తండ్రి పాట పాడుకుంటూ బస్సు డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ముందురోజు చర్చిలో సాక్ష్యం చెప్పి చప్పట్లు కొట్టించుకున్న మనిషి కదా, నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. కూతురికి మాత్రం రాత్రంతా కునుకు లేదు.

ఎలా ఉంటుంది? తాగుడు మాన్పించి దేవుడు తననెలా రక్షించాడో చెప్తూ చెప్తూ ఆయన, "తాగిన మైకంలో పసిబిడ్డను కొట్టి చెవి పోగొట్టిన పాపిని" అనేశాడు. ఆ పసిబిడ్డ మూడో వరసలో కూర్చుని వింటోంది. ఎడమ చెవి జ్వరానికి పోయిందని అమ్మ చెప్పగా నమ్మి ఇంత పెద్దదైంది. తను పనిచేసే బట్టల షాపులో ఎడమపక్క నుంచి పిలిస్తే పలకదని పొగరుబోతు అనిపించుకుంటోంది. ఆమెను ముద్దుగా "ఒంటిచెవి రాణి" అని పిలిచేది కూడా ఈ తండ్రే.

"నీకు తెలుసు కదమ్మా?" అని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

తల్లి టీ వడపోస్తూ తలెత్తలేదు. "తెలిస్తే మీ నాన్న మొహం చూడవని భయపడ్డానే."

"ఇద్దరూ కలిసి బాగా నమ్మించారు. అందరితో పాటు నేనూ మైకులో వినాల్సొచ్చింది."

తండ్రి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "దాచలేకే చెప్పేశానమ్మా. యేసయ్య నన్ను క్షమించాడు. గుండెల మీద బరువు దిగిపోయింది."

"నీకు దిగింది, నాకెక్కింది. చెవి నాది కదా నాన్నా, నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

ఆయన బైబిల్లో మాటేదో చెప్పబోయాడు. కూతురి మొహం చూశాక అది నోట్లోనే ఆగిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు.

"అంతమంది ముందు చెప్పడం తేలికైందమ్మా. నీ ఒక్కదాని ముందు చెప్పాలంటే ప్రాణం పోతోంది. రక్షణ దొరికితే ఇంకెవరికీ జవాబు చెప్పక్కర్లేదనుకున్నాను." లేచి దగ్గరికొచ్చాడు. "ఆకలికి ఏడుస్తున్నావని కొట్టాను. నీ తప్పేం లేదు. నన్ను క్షమించమ్మా."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురికి ఏడుపు ఆగలేదు. ఆయన మీద అసహ్యమూ వేసింది, జాలీ వేసింది.

"ఇవాళ నావల్ల కాదు నాన్నా," అంది. "రేపు మళ్ళీ అడుగు."

"అడుగుతానమ్మా. నువ్వు సరే అనేదాకా రోజూ అడుగుతాను."

ఆయన గొంతులో నిన్నటి ధీమా లేదు. అందుకే ఆమె ఆ మాట నమ్మింది.