డబ్బా లోపలి చీకటి

"ఈ డబ్బా లోపల ఇంత మెరుపు పెట్టమని మిమ్మల్ని ఎవరు అడిగారండీ?"

ఆ గొంతుకి మూసాపేటలోని ఎల్లేశం రేకుల షాపులో మిషన్లన్నీ ఒక్కసారి ఆగినట్టనిపించింది. నిజానికి ఏ మిషనూ ఆగలేదు. ఆగింది ఎల్లేశం కొడుకు శివశంకర్ చేతిలోని సుత్తి ఒక్కటే.

ఆటో దిగి, వానలో సగం తడిసి, అల్యూమినియం డబ్బాను చంటిపిల్లలా రెండు చేతులా పొదువుకుని నిలబడ్డ ఆ అమ్మాయి పేరు రసజ్ఞ. కొండాపూర్‌లో కొత్తగా పెట్టిన ఓ చిన్న కంపెనీలో డిజైన్ ఇంజినీరు. ఇంటి గోడ మీద సినిమా చూపించే ప్రొజెక్టరును విదేశాల నుంచి తెప్పించుకోవడమేమిటి, మన హైదరాబాదులోనే చేద్దామని ఆ కంపెనీ పంతం పట్టింది. దాని డబ్బా చేసే పని ఎల్లేశం షాపుకొచ్చింది. ఇన్నాళ్లూ డ్రాయింగులు కంపెనీ డ్రైవరు తెచ్చేవాడు. అవి గీసిన మనిషి రావడం ఇదే మొదలు. వచ్చీ రాగానే తిట్లు!

"తక్కువ మెరిసిందని లొల్లి చేసెటోళ్లను సూసిన గని, ఎక్కువ మెరిసిందని చేసెటోళ్లను ఇప్పుడే సూస్తున్న మేడం" అన్నాడు శివశంకర్.

"జోకులొద్దు. లోపలంతా అద్దంలా ఉంది. నా మొహం కనిపిస్తోంది."

"మంచిగనే కనిపిస్తున్నది గద!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. రసజ్ఞ కళ్లు పెద్దవయ్యాయి. వెనక నుంచి ఎల్లేశం గట్టిగా దగ్గాడు.

"అంటే... మా షాపుల పద్ధతి గంతే మేడం" అన్నాడు శివశంకర్ తడబడుతూ. "పైన ఎట్ల మెరుస్తదో లోపల గూడ గట్లనే మెరవాలె. మూత తీసి సూసెటోడు ఉన్నా సరే, లేకున్నా సరే. మూడు దినాలు నా చేతులతోని బఫింగ్ కొట్టిన."

ఆ మాటకు రసజ్ఞ కోపం కాస్త దిగింది. "తప్పు నాదేలెండి. లోపల నల్లగా ఉండాలని డ్రాయింగులో రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. కానీ నా కొంప మునిగింది. శుక్రవారం డబ్బు పెట్టేవాళ్లు వస్తున్నారు. బొమ్మ నచ్చకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. సోమవారానికి నన్ను చెన్నై పంపించేస్తారు. వై టూ కే టీములో కూర్చుని కంప్యూటర్లలో తేదీలు దిద్దుకోవాలి."

చెన్నై అనగానే శివశంకర్ మనసెందుకో చివుక్కుమంది. ఆ అమ్మాయి వచ్చి పది నిమిషాలు కూడా కాలేదు. అయినా పోతుందంటే నచ్చలేదు.

"మెరిస్తె ఏమైతదో జర సూపియ్యరాదు మేడం. నాకు సమజ్ కాలె."

"రండి. చూస్తే మీకే తెలుస్తుంది."

కొండాపూర్ కంపెనీలో ఒక గదికి నల్ల పరదాలు కట్టారు. బయట పట్టపగలు, లోపల కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. రసజ్ఞ ముందు ట్యూబ్‌లైటు వేసి, ప్రొజెక్టరు లోపలి భాగాలన్నీ అతనికి చూపించింది.

"ఇది దీపం. దీని తెల్లటి వెలుతుర్ని ఈ అద్దాలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడుగా విడదీస్తాయి. ఒక్కొక్కటీ ఒక్కో గాజుబిళ్లలోంచి వెళుతుంది. ఈ బిళ్లల మీదే బొమ్మ తయారవుతుంది."

"ఈ బిళ్లనా? పోస్టు స్టాంపంత గూడ లేదు గద!"

"అంతే ఉంటుంది. మూడు రంగులూ మళ్లీ ఈ గాజు దిమ్మలో కలిసి, లెన్సులోంచి బయటకొస్తాయి. గోడంత అవుతాయి."

శివశంకర్ పన్నెండేళ్లుగా రేకు వంచుతున్నాడు. కూలర్లకు చేశాడు, బీరువాలకు చేశాడు, పిండిమరలకు చేశాడు. తను వంచిన రేకు లోపల వెలుతురు ఇలా విడిపోయి, మళ్లీ కలుస్తుందని కలలో కూడా అనుకోలేదు. వేలితో ముట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రసజ్ఞ డబ్బా బిగించి, లైటు ఆర్పి, ప్రొజెక్టరు వేసింది. గోడ మీద రాత్రి ఆకాశం, చుక్కలు.

"అబ్బ! ఇది నా డబ్బల కెల్లి వస్తున్నదా?"

"మీ డబ్బాలోంచే. కానీ సరిగ్గా చూడండి. ఆకాశం నల్లగా ఉందా?"

లేదు. బూడిద రంగులో ఉంది. చుక్కలు వెలవెలబోతున్నాయి.

"దారి తప్పిన వెలుతురు మీ మెరుపుకి తగిలి, అటూ ఇటూ ఎగిరి, లెన్సులోంచి బయటికొచ్చేస్తోంది. లోపల చీకటి ఉంటేనే గోడ మీద చీకటి. నల్లరంగు ఓ మూల వేసి చూశాం. దీపం వేడికి పెచ్చులూడిపోయింది."

"నున్నటి రేకు మీద రంగు నిలవదు మేడం" అన్నాడు శివశంకర్ నెమ్మదిగా. "దాన్ని గరుకు చెయ్యాలె."

ఆ పని ఎవరు చెయ్యాలో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు షాపులో డబ్బా ముందేసుకుని, ఎమరీ పేపరు పట్టుకుని కూర్చున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. మూడు రోజుల కష్టం, అద్దంలాంటి పని. తండ్రి ఏమంటాడో అని మరో భయం. ఈ షాపు నుంచి మసక రేకు గడప దాటిందే లేదు.

ఎల్లేశం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఆ పోరి చెన్నై పోతదంటివి గద?"

"అవునే బాపు."

"మరి ఏంది సూస్తున్నవు? నాకో ముక్క ఇయ్యి."

తండ్రీకొడుకులు చెరో పక్కా రుద్దసాగారు. కాసేపటికి రసజ్ఞ వచ్చింది. చూసింది. గాజులు తీసి బ్యాగులో వేసుకుని, తనూ ఓ ముక్క అందుకుంది.

"మీకెందుకు మేడం, చేతులు గీసుకపోతయి."

"రాయకుండా తప్పు చేసింది నేను. రుద్దేది మీరా?"

సాయంత్రానికి డబ్బా లోపల మెరుపన్నది లేదు. నల్లరంగు పూసి, పక్క షాపు బట్టీలో కాల్చారు.

శుక్రవారం రసజ్ఞ శివశంకర్‌ను బలవంతంగా ఆ నల్ల పరదాల గదిలోకి లాక్కొచ్చింది. ముందు వరసలో కంపెనీ యజమాని రామబ్రహ్మం గారు, డబ్బు పెట్టే నలుగురు పెద్దమనుషులు. ప్రొజెక్టరు వెలిగింది.

ఈసారి ఆకాశం నల్లగా ఉంది. ఎంత నలుపంటే, అక్కడ గోడ ఉందన్న సంగతే మరిచిపోయారు అందరూ. చుక్కలు చేత్తో ఏరుకోవచ్చనిపించింది. మెల్లగా తెల్లవారింది. ఆ వెలుగులో సముద్రం. అల ఒకటి లేచి మీదికొస్తుంటే పెద్దమనుషుల్లో ఒకాయన కాళ్లు పైకి పెట్టుకున్నాడు. శివశంకర్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడలేదు.

గంటసేపు వెలిగింది దీపం. ఒక్క పెచ్చు ఊడలేదు.

"ఇలాంటివి యాభై చేయండి" అన్నాడు కాళ్లు పైకి పెట్టుకున్న పెద్దమనిషి. రామబ్రహ్మం గారు వెనక్కి తిరిగారు. "రసజ్ఞా, సోమవారం నువ్వెక్కడికీ వెళ్లట్లేదమ్మా."

అందరూ టీకి వెళ్లారు. గోడ మీద అలలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

"నిజంగ గిట్లనే ఉంటదా సముద్రం? నేను ఎన్నడు సూడలె."

"ఇంకా పెద్దగా ఉంటుంది. ఇది మా కాకినాడలో నేను తీసిన వీడియో."

శివశంకర్ గుండె దిటవు చేసుకున్నాడు. "రసజ్ఞ గారూ, మీరు పోతరేమోనని ఈ నాలుగు దినాలు నాకు బువ్వ దిగలె. మీరంటే నాకు ఇష్టం. చెప్పిన. ఇగ మీ ఇష్టం."

ఆ అమ్మాయి గోడ మీది అలల వైపు చెయ్యి చూపించింది.

"రేపు రాత్రి కాకినాడ వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్లు చేయిస్తున్నాను. మీరు సముద్రాన్ని చూద్దురుగాని. మా నాన్నగారు మిమ్మల్ని చూస్తారు."

"రెండు టిక్కెట్లా?"

"మూడండీ. ఎల్లేశం గారు లేకుండా మా నాన్నగారు మాట్లాడేది ఎవరితో?"