పసుపు బియ్యం చుట్టిన చున్నీ ముక్క

నా కొడుకు దేవదాస్ అంగీ జేబులో ఆ ఎర్ర గుడ్డ మూట చూడగానే పక్కింటికి కేక వేశాను.

వాడు మెడికల్ షాపులకు మందులు చేరవేస్తాడు. రోజూ లక్షెట్టిపేట నుంచి బండి మీద అడవి దాటి ఉట్నూరుకు పోతాడు. ఆ దారిలో పులి తిరుగుతుందంటారు. అందుకే మల్లన్న గుడి నుంచి తెచ్చిన పసుపు బియ్యాన్ని, వానకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టి వాడి జేబులో పెట్టాను. ఇప్పుడు బియ్యం అవే. కవర్ లేదు. ఎవరిదో చున్నీ ముక్క, దానికి మూడు ముడులు!

"అక్కా, గిది బాణామతే," పక్కింటి వినోద గుండె మీద చెయ్యి వేసుకుంది. "పిలగాన్ని ఎవతో గుంజుతున్నది."

"ఎవలు కట్టిన్రు రా?" అని వాడినే అడిగాను.

"అడవి గేటు కాడ కట్టిన్రు. నువ్వు ఫికర్ చెయ్యకు అవ్వా." సిగ్గుపడ్డాడు కూడా!

వారం నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. అద్దం ముందు నవ్వుకుంటున్నాడు. ఇంకేం రుజువు కావాలి? మర్నాడు వాడు వెళ్లగానే నేనూ బస్సెక్కాను.

గేటు దగ్గర ఒకటే వాన. ఖాకీ చొక్కా వేసుకున్న పిల్ల, ఒక కారు ఆపి ప్లాస్టిక్ సీసాలు, కవర్లు దింపిస్తోంది. నెత్తిన ఎర్ర చున్నీ. దాని అంచు చిరిగి ఉంది.

"మా దేవదాస్‌ను ఏం చేసినవే?" అని అరిచాను.

ఆ పేరు వినగానే ఆమె ముఖం చున్నీ కంటే ఎర్రబడింది.

"నేనేం చెయ్యలే అత్తమ్మా!"

"అత్తమ్మ ఎవలే నీకు?"

నాలుక కరుచుకుంది. "కవర్లు అడవిలకు పోనియ్యద్దని రూలు. పోయిన ఎండకాలం ఒక దుప్పి సచ్చింది, కడుపు నిండ కవర్లే. అప్పటిసంది కవర్ కనవడితే నాకు భయం. కానీ దేవుని బియ్యం పారెయ్యబుద్ధి కాలే. గందుకే చున్నీ చింపి కట్టిన."

"మూడు ముడులెందుకు?"

"మీ కొడుకు బండి నడిపేది చూస్తే ఒక్క ముడి సరిపోతదా?"

నాకు నవ్వు రాబోయింది. కానీ ఆ పిల్ల మాటిమాటికీ ఫోన్ చూసుకుంటోంది.

"ఏమైంది?"

"ఆయన అవతలి గేటు దాటంగనే ఆడి గేటోళ్లు ఫోన్ చేస్తరు. ఇయ్యాల ఇంకా రాలే."

నేనూ ఆ ఫోన్ వైపు వంగాను. "వాగు పొంగిందేమో!"

"చెట్టు పడ్డదేమో!" అంది ఆ పిల్ల.

"పులి..."

"అటు దిక్కు లేదు. పొద్దున్నే గస్తీకి పోయినోళ్లను అడిగిన."

రేకుల కింద ఇద్దరం నిలబడ్డాం. ఇంతకాలం నా భయాలకు అందరూ నవ్వినవాళ్లే. ఈ పిల్ల మాత్రం నాతో సమానంగా భయపడుతోంది. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు, ఆమె చెయ్యి నా చేతిలో ఉంది.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది.

"నవ్యశ్రీ! మీ మందులాయన దాటిండు. టైరు పంచరైందట. పరేషాన్ కావద్దని చెప్పుమన్నడు."

ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుంది. నేను కొంగుతో.

"పెండ్లయినంక గీ నౌకరి ఇడిశిపెడ్తవా?" అడిగాను.

నవ్యశ్రీ బెదిరిపోయింది. అయినా తల ఎత్తే చెప్పింది. "ఇడువ అత్తమ్మా."

"ఇడువకు బిడ్డా. మరి ఆడు దాటిండో లేదో రోజూ నాకు ఫోన్ చేసి చెప్పేదెవలు?"